ముందుగాల ఎర్త్ సూడు

చలి ముదిరింది. మా మంచిర్యాల శ్రీరాంపూర్‌లో బొగ్గు గనుల సెకండ్ షిఫ్ట్ దిగినవాళ్లు ఇళ్లకు చేరే వేళకు వాకిళ్లలో మంటలు వెలుగుతున్నాయి. ఇట్లా దగ్గరికి జరిగి కూచోండి. ఈ పూట గిటారు ముచ్చట పెట్టుకుందాం. పాట సంగతి తర్వాత. పాట వెనకాల ఆగకుండా గుయ్యిమనే మోత సంగతి ముందు తేల్చుకుందాం.

అటు సీసీసీ, నస్పూర్, ఇటు శ్రీరాంపూర్ కాలనీ, ఎక్కడ చూసినా ఇంట్లోనే పాటలు రికార్డు చేసే పిల్లలు ఇప్పుడు వాడవాడకూ ఉన్నారు. ఓ లాప్‌టాప్, అరచేతిలో పట్టేంత ఆడియో ఇంటర్‌ఫేస్, గిటారు, హెడ్‌ఫోన్స్. అంతే సామాను. జానపదంలో డప్పు, డోలక్ పక్కన గిటారు చేరి ఎంత బాగా ఒదిగిపోయిందో మీరూ వింటూనే ఉన్నారు. గొంతు బాగా పడుతుంది, తాళం బాగా పడుతుంది. గిటారు ఆగిన చోట మాత్రం ఆ మోత బయటపడుతుంది. "అన్నా, గీ గుయ్యి ఎట్ల పోతది?" అని అడగని పిల్లగాడు లేడు. వాళ్లలో చాలామంది అప్పటికే ఏదో ప్లగిన్ వేసి దాన్ని తుడవబోయి ఉంటారు. మోతతో పాటు తీగ చివరి పలుకు కూడా తుడిచిపెట్టుకుపోతుంది. అంత కష్టపడి వాయించింది అట్లా వినబడితే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. ఎందుకంటే ఆ మోతను చాలావరకు పుట్టిన చోటే ఆపొచ్చు. అందుకు కావలసిన విద్య మన గనుల్లో పనిచేసే ఎలక్ట్రీషియన్ల చేతుల్లోనే ఉంది.

ముందు ఆ మోతను చెవితో పట్టుకుందాం. మన ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఇటూ అటూ ఊగుతుంది. ఆ 50, దాని రెట్టింపు 100, ఆపైన 150, 200 అన్నీ కలిస్తే వచ్చేదే హమ్. గిటారు మీద అన్నిటికన్నా లావు తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. అది జీ స్వరం, సెకనుకు 98 కంపనాలు. తీగ ఆపేసి ఇప్పుడు హమ్ వినండి. అందులో 100 దగ్గర పలికే భాగం ఆ జీ కన్నా కాస్త పైన ఉంటుంది. అంత దగ్గరగా ఉండి కూడా శ్రుతి కలవదు. అందుకే జీ మీద కట్టిన పాటలో ఆ మోత మరీ చేదుగా తగులుతుంది. అమెరికా వాళ్ల పాఠాలన్నీ 60 అంటాయి, అక్కడి కరెంటు అంతే మరి. వాళ్లు చూపించినట్టు ఫిల్టర్‌ను 60 దగ్గర పెట్టి, మోత పోలేదేమని దిగాలు పడేవాళ్లు ఉన్నారు. మనకు 50, 100, 150.

మాట వచ్చింది గనక ఇంకో సంగతి. 2013 డిసెంబర్ 31న దక్షిణాది గ్రిడ్ దేశంలోని మిగతా గ్రిడ్‌తో కలిసిపోయింది. కరెంటు ఊపు సెకనుకు 49.90కీ 50.05కీ మధ్య ఉండాలని గ్రిడ్ నియమం. ఆ కాస్త ఎక్కుడూ దిగుడూ దేశమంతా ఒకేసారి జరుగుతుంది. అంటే శ్రీరాంపూర్ క్వార్టర్‌లో వినిపించే హమ్, ఢిల్లీలో ఎవరి గదిలోనో వినిపించే హమ్ ఈ క్షణాన ఒకే శ్రుతిలో ఉన్నాయన్నమాట. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా ముచ్చటేస్తుంది.

సరే, ఈ హమ్ గిటారులోకి ఎట్లా దూరుతుంది? పికప్ ఉంది చూశారా, దానిలో అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగను వేల చుట్లు చుట్టి ఉంటారు. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. జైపూర్ దగ్గర మన సింగరేణి థర్మల్ ప్లాంటులో 600 మెగావాట్ల జనరేటర్లు రెండు తిరుగుతున్నదీ ఆ సూత్రం మీదే. చిక్కెక్కడంటే, ఆ చుట్టకు తన తీగ కదలికకూ, గోడలోని వైరు చుట్టూ ఊగే క్షేత్రానికీ తేడా తెలియదు. రెండిటినీ పట్టుకుంటుంది.

ఈ చిక్కుకు తెలివైన విరుగుడు గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సేథ్ లవర్ చేశాడు. 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, ఆ విరుగుడు 1957లో లెస్ పాల్ గిటార్లకు ఎక్కింది. ఒక చుట్ట బదులు రెండు. రెండో దాంట్లో చుట్టు దిశా మారింది, అయస్కాంతం ధ్రువమూ మారింది. తీగ పలుకు రెండిటిలోనూ ఒకే వైపుకు వచ్చి కలుస్తుంది. హమ్ ఒకదాంట్లో ఇటు, ఇంకోదాంట్లో అటు వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అదే హంబకర్. మీది మూడు సింగిల్ కాయిల్స్ ఉన్న స్ట్రాటోకాస్టర్ తరహా గిటారైతే దిగులు పడకండి. ఈ కాలపు గిటార్లలో చాలావాటికి మధ్య పికప్‌ను తిరగేసి చుడతారు. స్విచ్‌ను రెండో స్థానంలోనో, నాలుగో స్థానంలోనో పెట్టి చూడండి. మోత గబుక్కున పడిపోతే మీ గిటారు ఆ తరహాదే. నిదానంగా సాగే పాటలకు ఆ రెండు స్థానాల గొంతు కూడా చక్కగా సరిపోతుంది.

ఇది గిటారు వాళ్ల గొడవ మాత్రమే అనుకోకండి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969-2014) కర్ణాటక సంగీతాన్ని పలికించింది ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద. గమకం సాగాలంటే తీగ పలుకు నిలవాలి, నిలవాలంటే పికప్పూ యాంప్లిఫయరూ కావాలి. ఆలాపనలో ఒక సంగతికీ ఇంకో సంగతికీ నడుమ విడిచే ఖాళీ కూడా సంగీతమే. అక్కడ మోత నిలిస్తే వినేవాడి చెవి రాగం మీద నిలవదు. కాబట్టి రేపు మన ఊరి పిల్లలెవరైనా గిటారు మీద మోహన వాయించబోతే, ఈ పని ఇంకా శ్రద్ధగా చేసుకోవాల్సి ఉంటుంది.

ఇక ఇంట్లో మోత పుట్టించే దొంగను పట్టుకునే పద్ధతి చెబుతాను. దీన్ని మాత్రం చదివి వదిలేయకుండా చేసి చూడండి. రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో వాళ్లకు చెప్పి ఓ పావుగంట మెయిన్ ఆపేందుకు ఒప్పించండి. లాప్‌టాప్ ఛార్జర్ పీకేయండి, బ్యాటరీ మీద నడవనివ్వండి. ఇంటర్‌ఫేస్ యూఎస్‌బీ కరెంటుతోనే నడిచే రకమైతే ఇంకేం అక్కర్లేదు. గిటారు వాల్యూమ్ పూర్తిగా పెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, రికార్డింగ్ నొక్కి కూచోండి. ఇన్వర్టర్ ఉంటే అదీ ఆపించండి. తమ్ముణ్నో చెల్లెల్నో బోర్డు దగ్గర నిలబెట్టి మెయిన్ కిందికి వేయించండి.

చీకట్లో మీకు వినబడేది సన్నటి "స్‌స్‌స్" ఒక్కటే అయితే అది సర్క్యూట్ల సొంత సడి, దానితో మనకు పేచీ లేదు. ఇప్పుడు లోపలి ఎంసీబీలన్నీ, గదిలో స్విచ్చులన్నీ ముందు ఆపించి, మెయిన్ వేయించి, ఎంసీబీలు ఒక్కొక్కటే పైకి ఎత్తించండి. తర్వాత గదిలో స్విచ్చులు. ఒక్కోటి వేసిన ప్రతిసారీ తీగను ఒకసారి వేలితో తట్టండి. ట్యూబ్‌లైట్, తట్టండి. ఫ్యాన్, తట్టండి. టీవీ, తట్టండి. ఫోన్ ఛార్జర్, ఫ్రిజ్, ఆఖర్న లాప్‌టాప్ ఛార్జర్. అయిపోయాక తెరమీద ఆ గీతను పెద్దది చేసి చూడండి. ప్రతి తట్టు ఒక నిలువు ముల్లుగా కనిపిస్తుంది. ఏ ముల్లు దగ్గర గీత లావెక్కిందో అక్కడ మీ దొంగ ఉన్నాడు. ఏది వేసినప్పుడు ఏ ముల్లో కాగితం మీద వరుసగా రాసి పెట్టుకుంటే మళ్లీ వెతుక్కునే పని ఉండదు.

ఎక్కువ ఇళ్లలో పట్టుబడేవి కొన్నే. పాతకాలపు చోక్ ఉన్న ట్యూబ్‌లైట్, దాని చోక్ నుంచే బలమైన క్షేత్రం వస్తుంది. చవక ఎల్ఈడీ బల్బు, దానిలోని డ్రైవర్ సర్క్యూట్ జర్రుమంటుంది. మెట్లు లేకుండా గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ అన్నిటికన్నా గోల చేస్తుంది, కరెంటు అలను ప్రతి ఊపులోనూ ముక్కలుగా కోసి పంపుతుంది గనక. ఈ చలికాలం ఫ్యాన్‌తో పని లేదు. మే నెలలో మన మంచిర్యాల ఎండకు ఫ్యాన్ లేకుండా గదిలో ఎవరూ కూచోలేరు కదా, అప్పుడు దాన్ని ఫుల్లులో పెట్టండి. ఫుల్లులో కోత దాదాపు ఉండదు. చవక రకం ఇన్వర్టర్లు స్క్వేర్ వేవ్ ఇస్తాయి, అవి నడిచేటప్పుడు రికార్డింగ్ పెట్టుకోవద్దు. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో వేసి పక్క గదిలో పెట్టండి.

అన్నీ ఆపినా హమ్ ఉందంటారా? కాలనీ క్వార్టర్లలో గోడ ఒకటే, ఇటు మనం, అటు పక్కింటివాళ్లు. వాళ్ల వైరింగ్ ఆ గోడలోనే పోతుంది. కుర్చీని గది మధ్యకు లాక్కుని, గిటారు పట్టుకుని మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కున మోత ఇంచుమించు మాయమవుతుంది. క్షేత్రం చుట్టలోంచి సూటిగా దూరకుండా పక్కనుంచి జారిపోయే దిక్కు అది. నేల మీద సుద్దతో గీత పెట్టుకోండి, రికార్డింగ్ వేళ అటే మొహం పెట్టి కూచోండి. పైసా ఖర్చు లేని వైద్యం.

"మా ఇంటి దగ్గర నుంచి హైటెన్షన్ లైను పోతది, అందుకే గీ మోత" అనేవాళ్లు మన దగ్గర చాలామంది. ఇల్లు సరిగ్గా లైను కిందే ఉంటే సరే, కొంచెం ఎడంగా ఉంటే మాత్రం నిందంతా దాని మీద వేయలేం. త్రీఫేజ్ లైనులో మూడు తీగల కరెంట్లు ఏ క్షణాన కలిపినా సున్నా దగ్గరే ఉంటాయి. దూరం పోయేకొద్దీ ఒకదాని క్షేత్రాన్ని మిగతా రెండూ కొట్టేస్తాయి. హంబకర్‌లో జరిగేదీ అదే కదా. ఇంట్లో కూడా ఫేజూ న్యూట్రలూ ఒకే పైపులో జంటగా పోతే మోత తక్కువ. మెట్ల దగ్గర టూవే స్విచ్చు కోసం ఫేజు ఒక దారిన, న్యూట్రలు ఇంకో దారిన లాగిన ఇళ్లలో ఆ గది నిండా క్షేత్రమే.

ఇంతవరకూ అయస్కాంతం వైపు నుంచి వచ్చే మోత. రెండో రకం ఉంది. అది ఎర్త్‌కు సంబంధించింది. దీని దగ్గరే నేను ఎక్కువసేపు కూచోబెడతాను మిమ్మల్ని.

పరీక్ష తేలిక. తీగల మీద చెయ్యి వేయండి. మోత తగ్గితే, ఎత్తగానే పెరిగితే, మీ ఒళ్లే యాంటెన్నా అయి గదిలోని మోతను గిటారులోకి మోస్తోంది. తీగలు ఎర్త్‌కు కలిసి ఉంటాయి గనక ముట్టుకోగానే ఒళ్లు కూడా ఎర్త్ అవుతుంది. గిటారు లోపలి గూళ్లకు రాగి రేకు టేపు అంటించి, ఆ రేకును గ్రౌండ్‌కు సోల్డర్ చేయిస్తే ఈ రకం బాగా తగ్గుతుంది. హమ్‌లో అయస్కాంత క్షేత్రం నుంచి వచ్చే భాగాన్ని మాత్రం రేకు ఆపలేదు, దానికి పైన చెప్పిన దిక్కూ దూరమే మందు.

ఇప్పుడు ఇంకో పరీక్ష. లాప్‌టాప్ ఛార్జర్ పెట్టి ఉండగా తీగలు ముట్టుకుంటే వేళ్లకు సన్నగా జుమ్మంటుందా? ఛార్జర్ రెండు పిన్నులదా? మూడు పిన్నులదే అయినా, మూడో కన్నం వెనక వైరు ఉందా? ఈ ప్రశ్నలన్నీ ఇంటి ఎర్త్ దగ్గరికే తీసుకెళ్తాయి.

మా లైన్లో గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన కాక ఒకాయన ఉన్నాడు. ఓ పిల్లగాడు గిటారు పట్టుకొచ్చి మోత సంగతి చెబితే కాక గిటారును చూడనే లేదు. "ముందుగాల ఎర్త్ సూడు బిడ్డా. ఎర్త్ లేని మిషిన్‌ను బాయిల మేం ముట్టకపోదుం" అన్నాడు. అని, ఎస్‌డీఎల్ కేబుల్ గురించి చెప్పాడు. అది విన్నాక గిటారు వైరింగ్ మీద ఏ పుస్తకమూ నాకు అంత సూటిగా తోచలేదు.

చూడండి. ఆర్‌కే గనుల వంటి భూగర్భ గనుల్లో ఎస్‌డీఎల్ అని బొగ్గెత్తే మిషిన్ ఉంటుంది. గేటెండ్ బాక్సు అనే స్విచ్చు పెట్టె నుంచి దానికి కరెంటు ట్రెయిలింగ్ కేబుల్‌లో పోతుంది. మిషిన్ ఎటు పోతే కేబుల్ అటు, బురదలో, రాళ్ల మీద. ఆ కేబుల్ కోసి చూస్తే లోపల మూడు ఫేజుల తీగలు ఒకదానితో ఒకటి మెలివేసి ఉంటాయి. ప్రతి ఫేజుకూ విడివిడిగా లోహపు అల్లిక తొడుగు. ఆ తొడుగులన్నీ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. వాటితో పాటు ఎర్త్ తీగ వేరే, పైలట్ తీగ వేరే. కప్పు రాయి మీద పడి కేబుల్ నలిగితే, ఫేజు మొదట తన తొడుగునే తాకాలి, రిలే కరెంటు కొట్టేయాలి, మనిషికి తగలకూడదు. పైలట్ పని ఇంకా గొప్పది. ఎర్త్ తీగ తెగి ఉంటే పైలట్ దారి పూర్తికాదు, గేటెండ్ బాక్సు అసలు ఎత్తదు. ఎర్త్ ఉందని రుజువైతేనే కరెంటు.

మెలివేయడం, తొడుగు వేయడం, తొడుగును ఎర్త్ చేయడం. మైకు కేబుల్‌ను కోసినా మీకు ఇవే కనిపిస్తాయి. రెండు తీగలు మెలివేసి, పైన అల్లిక. పాటను ఒకదాంట్లో సూటిగా, ఇంకోదాంట్లో తిరగేసి పంపి, అవతల తేడా తీస్తారు. దారిలో రెండిటికీ సమానంగా అంటిన మోత ఆ తేడాలో పోతుంది. గిటారు కేబుల్‌లో జంట లేదు, ఒక తీగా ఒక తొడుగూ మాత్రమే. అందుకే దాన్ని మూడు మీటర్లకు మించనీయకండి, కరెంటు వైర్ల పక్కన చుట్టచుట్టి పడేయకండి. గనిలో ప్రాణం కోసం చేసిన ఏర్పాటే గిటారులో పాట కోసం పనికొస్తోంది. మన నాన్నలు, కాకలు ఏళ్ల తరబడి చేతుల్తో చేసిన పని అది. వాళ్లను అడగండి. అడిగితే వాళ్లు ఎంత సంబరంగా చెబుతారో.

ఇంటి ఎర్త్ సంగతి. పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ లావు కన్నం వెనక వైరు ఉండదు. కొందరు పనివాళ్లు దాన్ని సాకెట్లోనే న్యూట్రల్‌కు కలిపేస్తారు. ఇది ఎంత మాత్రం ఒప్పుకోకండి. బయట న్యూట్రల్ తెగిన రోజున ఫేజు నేరుగా గిటారు తీగల మీదికి వస్తుంది, ఆ తీగల మీద ఉన్నవి మీ వేళ్లు. ఇంకో పాడు అలవాటు, మోత తగ్గుతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయడం. మోత నిజంగానే తగ్గొచ్చు, ప్రాణం పోవచ్చు. ఆ మోతకు అసలు కారణం లాప్‌టాప్ ఒక సాకెట్లో, స్పీకర్లు ఇంకో గోడ సాకెట్లో ఉండి రెండు ఎర్త్ దారుల మధ్య ఉంగరం ఏర్పడటం. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించండి, చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. పోకపోతే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చున్న డీఐ బాక్సు కొనుక్కోండి. అది పాట దారిలో మాత్రమే గ్రౌండ్‌ను విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ను ముట్టదు.

ఎర్త్ గుంత ఎప్పుడు తవ్వారో, ఉందో లేదో ఇంటాయన్ను అడగండి. ఐఎస్ 3043 ప్రకారం పైపు 2.5 మీటర్లకు తక్కువ కాకుండా దిగాలి. చుట్టూ బొగ్గూ ఉప్పూ వరసలుగా పోసి, పైన నీళ్లు పోయడానికి గరాటు పెడతారు. బొగ్గు అంటే మన ఊరి బొగ్గు కాదు సుమా. రాతిబొగ్గు కరెంటును సరిగా పోనివ్వదు. బాగా కాలిన కర్రబొగ్గు కావాలి. ఎండాకాలంలో గుంత ఆరిపోతే ఎర్త్ బలం తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ గరాటులో అప్పుడప్పుడు బకెట్ నీళ్లు పోయించండి. బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి. ఈ పనులు కరెంటు పని తెలిసినవాళ్లతోనే చేయించాలి.

ఇన్ని చేశాక మిగిలే కాస్త మోతకు మాత్రం సాఫ్ట్‌వేర్ సాయం తీసుకోండి. నాయిస్ గేట్‌ను డిస్టార్షన్ ముందు పెట్టాలి. తర్వాత పెడితే అప్పటికే పెద్దదైన మోతతో అది కుస్తీ పట్టాల్సి వస్తుంది. ప్రతి టేక్ మొదట్లో చేతులు తీగల మీద ఆనించి ఐదారు సెకన్లు ఏమీ వాయించకుండా రికార్డు చేయండి. మోతను తీసే ప్లగిన్‌కు ఆ ముక్క చూపించాలి. ఇంటర్‌ఫేస్‌లో గిటారు కోసం ఇచ్చిన ఇన్‌స్ట్రుమెంట్ మీట నొక్కారో లేదో చూసుకోండి. గిటారు మీద వాల్యూమ్ పూర్తిగా తిప్పి, ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ తగ్గించుకోండి. బలంగా వాయించినా మీటరు మైనస్ 12 దగ్గర ఉంటే చాలు.

ఎలక్ట్రిక్ గిటారు లేనివాళ్ల సంగతి కూడా చెప్పి లేస్తాను. అకూస్టిక్ గిటారులో బ్రిడ్జి కింద పీజో ఉంటే దానికి అయస్కాంతపు హమ్ పెద్దగా అంటదు గానీ ఎర్త్ రకం గుయ్యి బాగా అంటుంది. తీగలను ఎర్త్ చేసే వైరు లోపల ఊడిపోయిందేమో ముందు చూపించుకోండి. నన్నడిగితే దానికి పికప్ వాడొద్దు. మంచి మైకు ఒకటి 12వ ఫ్రెట్ వైపు చూసేట్టు జానెడున్నర దూరంలో పెట్టండి. మైకు కేబుల్‌లో జంట తీగలున్నాయి గనక కరెంటు మోత దాదాపు రాదు. ఫ్రిజ్ గురగుర, డంపర్ల హారన్లు మాత్రం అన్నీ వింటుంది. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ ఏ వేళకో మీకు తెలుసు కదా, పగలైతే ఆ వేళ వదిలేయండి, వీలైతే రాత్రి తొమ్మిది దాటాక కూచోండి.